పడవెక్కే వంతు

అక్కా,

నువ్వు పోయాక మొదటిసారి ఇవాళ పేట చెరువు పార్కుకి వెళ్ళాం. తోటికోడళ్ళం మనిద్దరం ఎప్పుడు వెళ్ళినా, ఒకరు పడవెక్కితే ఒకరు ఒడ్డున చెప్పులకీ క్యారియర్‌కీ కాపలా ఉండేవాళ్ళం కదా.

పిల్లలు పడవెక్కుతుంటే నీ కూతురు పద్మ నా దగ్గరకొచ్చింది.

"లే పిన్నీ, నువ్వెక్కు. సామాన్లు నే చూస్తాలే."

"కిందటిసారి ఎక్కింది నేనేనే. ఇది మీ అమ్మ వంతు."

పద్మ "అయితే నేనెక్కుతా" అని చెప్పులు నా పక్కన విడిచి వెళ్ళింది. పడవ చెరువు మధ్యకు చేరాక, అచ్చం నీలాగే వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. పడవవాడు కేకలేసినా తియ్యలేదు.

వచ్చేసారి నా వంతు. సామాన్ల దగ్గర ఎవరిని కూర్చోబెట్టాలో ఇంకా తోచలేదు.