పుట్టగొడుగుల్లో నేను వేసింది

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం కులాసాగానే ఉన్నాం. మీ మనవరాలు మెట్ల మీద పడి మోచెయ్యి చెక్కుకుంది. ఆ ఏడుపు ఐస్‌క్రీం చేతికొచ్చే దాకానే కాబట్టి దాన్నీ కులాసా కిందే వేసుకోండి. మీ దగ్గు తగ్గిందని రాశారు, మనసు కుదుటపడింది.

మీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగుసార్లు చదివాను. ముందు తేలిక ప్రశ్నలకి జవాబులు రాస్తాను. అవును, మీ అబ్బాయి టీ కప్పు ఎక్కడ తాగితే అక్కడే వదిలేస్తున్నారు. లేదు, కింద టైలరు మీ కోటు ఇంకా ఇవ్వలేదు, అడిగినప్పుడల్లా "రేపు తప్పకుండా అమ్మా" అంటున్నాడు. మీ ద్రాక్ష పానీయం మా రెస్టారెంటులో ఈ వేసవి కూడా పెట్టాం. నల్లద్రాక్ష ఉడికించి, పలచటి గుడ్డలో పిండి, నలిపిన పుదీనా, చిటికెడు ఉప్పు, అంతా మీరు చూపించినట్టే. మెనూలో దాని పేరు 'అత్తగారి ద్రాక్ష'. మొన్న ఒకాయన రెండు గ్లాసులు తాగి, ఆ అత్తగారెవరో చూపించమన్నాడు. చాలా దూరంలో ఉంటారన్నాను. "అదృష్టవంతురాలివి" అన్నాడు. అందరితోపాటు నవ్వాను గానీ లోపల చివుక్కుమంది.

పోయిన వేసవి మీరున్న ఆ రెండు నెలలూ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఒకరు నిలబడితే రెండోవాళ్లు పక్కకి తిరగాల్సిన ఆ వంటింట్లో, కిటికీ దగ్గర పళ్లపెట్టె బోర్లించి దానిమీద కూర్చునేవారు. వేళ్లన్నీ ఊదారంగు. పుచ్చకాయ గింజలు ఏరే పని మనవరాలికి అప్పగిస్తే, అది సగం మింగేసి, కడుపులో తీగ మొలుస్తుందని మీరు భయపెడితే రెండు రోజులు పొట్ట తడుముకుంటూ తిరిగింది. నేను పని నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరికే పుదీనా వాసన వచ్చేది. "కాళ్లు చాపుకుని ముందు ఇది తాగవే, కబుర్లు తర్వాత" అనేవారు. మా అమ్మ పోయాక నాకు గ్లాసు చేతికిచ్చినవాళ్లు మీరొక్కరే అత్తయ్యా.

ఇక అసలు ప్రశ్న. "పుట్టగొడుగులు మూడుసార్లు చేశాను, నీలా రావడం లేదు. తియ్యగా, చప్పగా ఏడుస్తున్నాయి. ఏం దాచావే?" అని రాశారు. వచ్చే నెల సంఘం వార్షిక సభలో అరవై మందికి వండి, ఇది నా కోడలి చేతి వంట అని చెప్పాలని ఉందన్నారు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. ఆదివారం ఫోనులో చెబుదామనుకున్నాను. మీ గొంతు వినగానే ఫోను మీ మనవరాలి చేతికిచ్చేశాను.

అత్తయ్యా, అందులో నేను వేసింది ద్రాక్షరసం కాదు. ఎర్ర వైన్.

మా రెస్టారెంటులో వైన్ పోస్తారని మీకు తెలుసు. దాంతో వండుతామని తెలియదు. స్టార్టర్లు నా పనే కదా, పుట్టగొడుగులు, వెల్లుల్లి, వెన్న, అవి మునిగేదాకా ఎర్ర వైన్ పోసి చిక్కబడే దాకా మరిగిస్తాను. మీరు వచ్చిన కొత్తలో ఒకరోజు మీ అబ్బాయి కోసం ఒక డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయాను. మర్నాడు పని నుంచి వచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంది. "ఏం వేశావోగానీ, ఏడాదికి నా నోటికి రుచి తగిలింది" అన్నారు. మావయ్యగారు పోయినప్పటి నుంచీ మీరు రెండు ముద్దలు కెలికి లేచిపోవడం నేను చూశాను. మీ చేతి గడియారం మోచేతి దాకా జారిపోవడం చూశాను. "మళ్లీ ఎప్పుడు చేస్తావు?" అని మీరే అడిగారు. నల్లగా ఉన్న ఆ రసం ఏమిటని మీరడిగితే, ద్రాక్షరసం అనేశాను.

మొదటిసారి పొరపాటు. తర్వాత వండిన పదకొండుసార్లూ పొరపాటు కాదు. మీ అబ్బాయిని ఏమీ అనకండి, అమ్మకి చెప్పెయ్యమని రెండో రోజే అన్నారు. చెబితే చెంచా పక్కన పెట్టేస్తారని నేనే చెప్పలేదు. మరిగిస్తే మొత్తం ఆవిరైపోతుందని మిమ్మల్ని మభ్యపెట్టను, కొంత మిగులుతుంది. మావయ్యగారి ప్రాణం తీసింది అదే అని తెలిసీ, ముప్పై ఏళ్లు బీరువాల వెనక, మంచాల కింద సీసాలు వెతికిన మిమ్మల్ని ఇంట్లో పెట్టుకుని, నేను బట్టల సబ్బు డబ్బా వెనక సీసా దాచాను. అచ్చం ఆయన చేసిన పనే చేస్తున్నానని ఒకరోజు తట్టింది. ఆ రోజు కూడా వండాను. మీరు రెండోసారి వడ్డించుకున్నారు, అది చూసి సంతోషించాను కూడా. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

సభలో ఆ వంట పెట్టకండి, నా పేరు ఎత్తకండి. మందు మాన్పించే సంఘానికి అధ్యక్షురాలైన మీకు నా వల్ల తలవంపులు రాకూడదు. తప్పదనుకుంటే మీ ద్రాక్షరసంలోనే కాస్త వెనిగర్ కలపండి. అదే రుచి రాదు, కానీ తినబుద్ధవుతుంది.

ఈ వేసవికీ వస్తానన్నారు. రాకపోతే మీ మనవరాలికి నానమ్మ ఎందుకు రాలేదో అబద్ధం చెప్పను. వస్తే మాత్రం పొయ్యి దగ్గర మీరే నిలబడండి. ఒక్కొక్కటీ పేరు చెప్పి మీ చేతికిస్తాను. వెయ్యాలో వద్దో మీ ఇష్టం.

ఇట్లు,
మీరు రెండోసారి వడ్డించుకుంటే చూడాలని ఆశపడ్డ
మీ కోడలు