ఒంటికాలి ఉల్లంకి

అన్నా,

గనిలో నీళ్లు పడి నువ్వు పైకి రాక నేటికి ఏడాది. దిగేముందు దీపం తీసుకుంటూ నువ్విచ్చిన, పైకొచ్చాక మళ్లీ తీసుకోవాల్సిన నీ నంబరు బిళ్లను లాంపు రూము కొక్కెం నుంచి బాపు ఇంకా తీయనివ్వడం లేదు.

నువ్వు గనిలో దిగిన ముందురోజు గోదావరి ఇసుకలో మనం చూసిన, ఒక కాలు తెగిన ఆ ఒంటికాలి ఉల్లంకి పిట్ట, వలసలో ఉత్తరానికి వెళ్తూ ఈ ఏడు మళ్లీ దిగితే నువ్వూ వస్తావని మొక్కుకున్నాను. ఇవాళ పొద్దున్నే బాపును అక్కడికి తీసుకెళ్లాను.

మధ్యాహ్నానికి నీళ్ల అంచున ఒకటి ఒంటికాలిమీద కనిపించింది.

"వచ్చింది బాపూ!"

"మెల్లగ బిడ్డా, బెదురుతది." ఆయన చేతులు జోడించాడు.

కాసేపటికి అది పొట్ట ఈకల్లోంచి రెండో కాలు దించి నడిచిపోయింది. నిద్రపోయే ఉల్లంకి ఒక కాలు దాచుకుంటుందని నువ్వెన్నిసార్లు చెప్పావు!

బాపు కళ్లకు అంత దూరం ఆనదు.

"అదేనా బిడ్డా?"

"అదే బాపూ," అన్నాను.

ఇక నువ్వు రావాలి, అన్నా.

నీ చెల్లె