చెక్క తలుపుల లారీలు

డిసెంబరు 1941

ప్రియమైన గ్లషా అక్కకి,

ముందుగా మంచి కబురు. మీ ఆయన దొరికాడు! నన్ను వేసిన లారీల దళంలోనే ఎఫీమ్ బావ కూడా ఉన్నాడు. వచ్చిన రోజు వంటబండి దగ్గర సూప్ కోసం వరసలో నిలబడితే వెనకనుంచి ఎవరో నా టోపీ కళ్ళమీదికి లాగేశారు. తిట్టబోతూ తిరిగితే బావ. "ఆడపిల్లల చేతికి లారీలిచ్చారంటే ఇక మన పని అయిపోయినట్టే" అన్నాడు. "ఫ్యాక్టరీ మైదానంలో బండి వెనక్కి తియ్యలేక గోడని గుద్దింది ఎవరో ఇక్కడ అందరికీ చెప్పనా?" అన్నాను. దెబ్బకి తన రొట్టెలో సగం నా చేతిలో పెట్టాడు.

ఎక్కడున్నామో రాయకూడదు. గడ్డకట్టిన సరస్సు మీద నడుపుతున్నాం. ఈ ముక్క మీద సెన్సారువాళ్ళు నల్లసిరా పూస్తే పూస్తారు. అవతలి ఒడ్డున జర్మన్లు చుట్టుముట్టిన నగరం ఆకలితో ఉంది. వెళ్ళేటప్పుడు పిండిబస్తాలు, వచ్చేటప్పుడు మనుషులు. పెద్దవాళ్ళని కూడా నేనొక్కదాన్నే చంకలో ఎత్తి లారీ ఎక్కించేస్తున్నాను. అంత తేలికైపోయారు. ఇంతకంటే రాయను.

ఇక్కడ ఎవ్వరూ తలుపు మూసి నడపరు. కింద మంచు విరిగితే దూకెయ్యాలి కదా. బావ తన తలుపుని తాడుతో వెనక్కి లాగి కట్టేశాడు. గాలి కత్తిలా కోస్తుంది. కొంచెం దగ్గుతున్నాడు, కంగారుపడకు.

మన ఫ్యాక్టరీ కొత్త లారీలు వచ్చాయి. ఇనపరేకు దొరకడం లేదటగా, క్యాబిన్ మొత్తం ప్లైవుడ్డే. ఒకటి బావకిచ్చారు. "ఇది లారీ కాదు, కోళ్ళగూడు" అని రోజూ తిడతాడు, రోజూ తుడుస్తాడు.

అత్తయ్యకి నమస్కారాలు. నూషాకి పిన్ని ముద్దులు.

ఇట్లు, నీ అల్లరి చెల్లెలు
జినైదా

*

జనవరి 1942

నా బంగారు జినాకి,

మీ బావతో చెప్పు, ఆ కోళ్ళగూడు కట్టింది ఆయన పెళ్ళామేనని. నన్ను క్యాబిన్ల సెక్షన్‌లో వేశారు. తలుపులు బిగించడం నా పని. మగవాళ్ళెవరూ లేరు, అందరం ఆడవాళ్ళమే, మాపైన మేస్త్రీగా సవేలిచ్ బాబాయి ఒక్కడు. ప్లైవుడ్ పచ్చిగానే వస్తోంది. వేలితో నొక్కితే తడి తెలుస్తుంది. "బాబాయ్, ఇది ఆరాలి కదా" అన్నాను. "ఆరేదాకా ఆగమని జర్మన్లకి కబురు పెట్టమంటావా?" అన్నాడు. ఇంకేం అంటాను? బిగిస్తున్నాను.

నూషాని ఫ్యాక్టరీ పిల్లల గదిలో వదిలి వస్తున్నాను. లారీ చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరుగెడుతుందట. అత్తయ్య కాళ్ళు బాగా వాచాయి. పొయ్యి పక్కనే కూర్చుని ఎఫీమ్ ఉత్తరం పాడిందే పాటగా చదివించుకుంటుంది.

ఆ దగ్గు సంగతి చదివాక నాకు నిద్ర లేదు. కిందటేడు న్యుమోనియా వచ్చినప్పుడు ఆయన్ని ఎలా బతికించుకున్నామో నీకు తెలుసు. డాక్టరు ఏమన్నాడు? ఇంకోసారి వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవన్నాడు. అలాంటి మనిషి ఆ గాలిలో తలుపు తెరిచి కూర్చుంటాడా! మంచు విరుగుతుందో లేదో దేవుడికెరుక, చలి మాత్రం రోజూ ఉంటుంది. తలుపు మూసుకుని నడపమను. ఆయనకి వేరే ఉత్తరం రాశాను కానీ నా మాట నవ్వులాటగా తీసేస్తాడు. అందుకని ఈ ముక్క నువ్వు అందరి ముందూ గట్టిగా చదువు. సిగ్గుతోనైనా మూస్తాడు.

"ఎఫీమ్ ఇవానిచ్, నీ పెళ్ళాం నిన్ను తలుపు మూసుకోమంటోంది. మూసుకోకపోతే యుద్ధమయ్యాక ఇంటి తలుపు తియ్యదు."

ఇది చదువు. నువ్వు కూడా జాగ్రత్త.

ప్రేమతో, అక్క
గ్లఫీరా

*

జనవరి చివర, 1942

అక్కా,

ఉత్తరం అందింది. నేను బాగున్నాను.

బావని ఇంకో దళానికి మార్చారు. దూరం. అక్కడినుంచి ఉత్తరాలు సరిగ్గా రావట. కొన్నాళ్ళు రాకపోయినా కంగారుపడకండి. అత్తయ్యకి ఈ సంగతి చెప్పు.

సవేలిచ్ బాబాయికి ఒక మాట చెప్పాలి. ఆ ప్లైవుడ్ తలుపులు తడికి ఉబ్బుతున్నాయి. లోపల మన ఊపిరి ఆవిరి పట్టి, అంచుల్లో గడ్డకట్టి, చట్రానికి అతుక్కుపోతున్నాయి. అంచులు ఇంకాస్త చిత్రిక పట్టమను. చాలా ఎక్కువ చిత్రిక పట్టమను. గాలి వచ్చినా ఫరవాలేదు. పైవాళ్ళతో పోట్లాడైనా సరే పట్టమను.

చేతులు పని చెయ్యడం లేదు, ఇంక రాయలేను.

జినా

*

ఫిబ్రవరి 1942

ప్రియమైన చెల్లీ,

నువ్వు చెప్పిన మాట సవేలిచ్ బాబాయికి చెప్పాను. విని, పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏదో మొత్తుకుని, ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత వేరే ఉత్తర్వు వచ్చింది. నీ మాట వల్ల కాదు, ప్లైవుడ్ కూడా చాలక. ఇకనుంచి తలుపులే ఉండవు. ఆ చోట కాన్వాసు గుడ్డ వేలాడదీస్తాం. ముందు దీపాలు కూడా ఒకటి చాలన్నారు. బిగించకుండా మిగిలిపోయిన తలుపులు గోడకి చేరేసి ఉన్నాయి. వంటచెరుకుగా పంచుతారట. నా వంతుకొస్తే వద్దంటాను.

మీ బావని ఎటు మార్చారు? తిండి సరిగ్గా పెడుతున్నారా? దగ్గు తగ్గిందా? అత్తయ్య ఇక్కడే నా పక్కన కూర్చుని అడిగిస్తోంది. ఎఫీమ్ గురించి నీకు తెలిసిందల్లా వివరంగా రాయమంటోంది. నీ ఉత్తరం చిన్నదైతే ఆమెకి ఆ పూట కూడు సహించదు. అందుకని పెద్దగా రాయి జినా, సంతోషంగా ఉండేలా రాయి.

ఉన్ని చేతి తొడుగులు పంపుతున్నాను. ఆయనకి చేర్చే వీలు లేకపోతే నువ్వే వేసుకో.

నీ అక్క
గ్లఫీరా

*

మార్చి 1942

ప్రియమైన అక్కకి, అత్తయ్యకి,

బావ కులాసా! ఆ దళంనుంచి వచ్చిన వంటవాడు చెప్పాడు. బావకి వర్క్‌షాపులో పని ఇచ్చారట, వెచ్చటి చోటు, పొయ్యి కూడా ఉందట. దగ్గు పోయిందట. తొడుగులు అంతకుముందు ఆ వంటవాడి చేతే పంపించాను. బావ వేసుకుని, "మా ఆవిడ అల్లిక నాకు తెలీదా, బొటనవేలు ఎప్పుడూ వంకరే" అన్నాడట. అత్తయ్య చేసే క్యాబేజీ కూర గుర్తుచేసుకుంటున్నాడట. ఆ వంటవాడికి కోపం కూడా వచ్చిందట, ఎంతసేపూ మా అమ్మ వంట, మా అమ్మ వంట అంటాడని.

తలుపుల్లేని లారీలు వచ్చాయి. గుడ్డ ఎగిరి మొహానికి కొట్టుకుంటుంది. మొహాలు నల్లగా కమిలిపోయాయి అందరికీ. ఒకమ్మాయికి చెవి పోయింది. అయినా ఆ లారీల కోసమే కొట్టుకుంటున్నారు ఇక్కడ.

సరస్సు మీద నీళ్ళు చేరుతున్నాయి. చక్రాలు సగం మునిగి నడుస్తున్నాయి. కింద మంచు ఉందో లేదో కనపడదు, ముందు బండి వెళ్ళిన జాడ చూసుకుని పోవడమే. కొద్దిరోజుల్లో ఆపేస్తారు.

నూషాకి వాళ్ళ నాన్న ముద్దులు పంపాడు.

జినా

*

ఏప్రిల్ 1942

చెల్లీ,

ఇక మీ బావ గురించి రాయకు.

చచ్చిపోయాడన్న కాగితం ఫిబ్రవరి మొదట్లోనే వచ్చింది. పోస్టమ్మాయి వార్యాకి మా అత్తయ్య సంగతి తెలుసు కనక, ఇంటికి తేకుండా ఫ్యాక్టరీకే తెచ్చి నా చేతిలో పెట్టింది. చదివి, మడిచి, గౌను లోపల దోపుకున్నాను. పని అయ్యేదాకా బిగిస్తూనే ఉన్నాను. ఇంటికెళ్ళి అత్తయ్యకి సూప్ పోశాను. "ఏమైనా ఉత్తరం ఉందా?" అంది. "రేపొస్తుంది" అన్నాను.

తొడుగులు నీ కోసమే అల్లాను జినా, నీ చేతి కొలతకే. పెద్దగా, సంతోషంగా రాయమని అడిగింది ఆ ముసలామె కోసం. నువ్వు అబద్ధం రాస్తావని తెలుసు. అంత చక్కగా రాస్తావని మాత్రం అనుకోలేదు. క్యాబేజీ కూర ముక్క నాలుగుసార్లు చదివించుకుంది. ఆ వంటవాడికి కోపం వచ్చిందంటే పడీపడీ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, "వాడికి ఉప్పు తక్కువైతే సహించదు, ఆ వంటవాడికి చెప్పమను" అంది. కిందటి వారం పోయింది. కొడుకు వెచ్చటి చోట ఉన్నాడనుకునే పోయింది. నీకు పుణ్యం ఉంటుంది.

ఇక అబద్ధాలతో ఎవరికీ పని లేదు. నూషా చిన్నది, దానికి ఇంకా ఏం చెప్పాలో తెలీదు, నేనే చూసుకుంటాను.

మొన్న లారీలు తీసుకెళ్ళడానికి ఒక డ్రైవరు వచ్చాడు, చేతికి కట్టుతో. మీ దళంవాడే. ఎఫీమ్ పేరు చెప్పగానే టోపీ తీశాడు. "మంచివాడమ్మా. దూకేసేవాడే, ఆ తలుపు..." అన్నాడు. అప్పుడే, ఇంకా పంచకుండా గోడకి చేరేసి ఉన్న తలుపుల మీద అతని చూపు పడింది. ఆ తర్వాత నా చేతిలో స్క్రూడ్రైవర్ చూశాడు. ఇంక ఎంత అడిగినా, "నాకు సరిగ్గా తెలీదమ్మా, నేను దూరంగా ఉన్నాను" అంటాడు. సంతకం కూడా సరిగ్గా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

నువ్వు దూరంగా లేవు. నాకు తెలుసు. తలుపుల గురించి నువ్వు రాసిన ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

రెండు సంగతులు అడుగుతున్నాను. ఆ తలుపు మన ఫ్యాక్టరీదేనా? ఆయన దాన్ని మూసింది నేను రాసినందుకేనా?

నన్ను కాపాడాలని చూడకు. నీకు నా ఒట్టు.

గ్లఫీరా

*

మే 1942

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. మంచు కరిగిపోయింది. ఇప్పుడు సరస్సు నీలంగా ఉంది, దాని మీద పడవలు తిరుగుతున్నాయి. చూడబుద్ధి కాదు.

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. వరసగా నిలిపిన లారీల మధ్య, పొద్దున్నే, టీ తాగుతూ. ఇంటి తలుపు తియ్యదన్న ముక్క దగ్గర అందరూ ఈలలు వేశారు. "ఎఫీమ్ ఇవానిచ్, మూసుకోవయ్యా, లేకపోతే ముసలితనంలో మెట్ల మీద పడుకోవాలి" అన్నారు. బావ చెవులదాకా ఎర్రబడి, అందరికీ కనపడేలా ఆ తాడు విప్పాడు. క్యాబిన్‌లో కూర్చుని తలుపు లాగి మూశాడు. కిటికీలోంచి నాతో అన్నాడు, "మరదలా, మీ అక్కకి రాయి, వెచ్చగా ఉందని." దగ్గు కూడా ఆ పూట తగ్గింది అక్కా. అది అబద్ధం కాదు.

ఆ మధ్యాహ్నం మంచుగాలి లేచింది. నేను ఆయన వెనకే ఉన్నాను. ముందు ఏ చప్పుడూ వినపడలేదు. ఆయన బండి ముందుభాగం మోకాళ్ళ మీద కూలినట్టు దిగిపోయింది. వెనకభాగం మాత్రం మంచు అంచు మీద ఆగింది. అలా కాసేపు ఆగింది. అందుకే నేను పరుగెత్తగలిగాను. అలా ఆగకుండా ఉంటే నేను ఏదీ చూసేదాన్ని కాదు.

ఆయన లోపలినుంచి భుజంతో గుద్దుతున్నాడు. నేను బయటినుంచి లాగుతున్నాను. రాలేదు. అంచులన్నీ ఒక్కటిగా అతుక్కుపోయాయి. కాలు బండికి తన్నిపెట్టి లాగాను. పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది. అవతలి వైపు తలుపు అప్పటికే నీళ్ళలో ఉంది. ఆయన మోచేత్తో అద్దం పగలగొట్టాడు. తల పట్టింది, గొర్రెతోలు కోటుతో భుజాలు పట్టలేదు. "కోటు విప్పు బావా!" అని అరిచాను. గుండీలు గడ్డకట్టాయి. నేను జేబులో కత్తి వెతుకుతున్నాను. నా కాళ్ళ కింద మంచు కదిలింది. ఆయనకి అది నాకంటే ముందే తెలిసింది. "చాల్లే జినా, పో" అన్నాడు. నేను వెళ్ళలేదు. అప్పుడు ఆ కిటికీలోంచి చెయ్యి చాపి, అరచేత్తో నా గుండెల మీద ఒక్క తోపు తోశాడు. వెల్లకిలా పడ్డాను. లేచేసరికి బండి లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. లారీ మన ఫ్యాక్టరీదే. తలుపు ఎవరు బిగించారో నాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు. రెండోది, అవును. నువ్వు రాసినందుకే మూశాడు. నేను చదివినందుకే మూశాడు.

కాదని రాసి ఉండొచ్చు. ఒట్టు పెట్టావు. ఇంక నా దగ్గర అబద్ధాలు కూడా మిగల్లేదు అక్కా, ఉన్నవన్నీ అత్తయ్యకి ఇచ్చేశాను.

జవాబు రాయి. తిట్టినా సరే రాయి.

జినా

*

సెప్టెంబరు 1942

జినా,

ఇన్నాళ్ళూ రాయలేదు. నీ మీద కోపం లేదు. కలం పట్టుకుంటే ఏ మాట రాయాలో తెలిసేది కాదు.

నీ ఉత్తరం నూషా నిద్రపోయాక ఒకసారి చదివాను. రెండోసారి చదవలేదు. మర్నాడు పనికి వెళ్ళాను. అప్పటినుంచి రోజూ వెళుతూనే ఉన్నాను.

మళ్ళీ తలుపులు బిగించమని ఉత్తర్వు వచ్చింది. కిందటి చలికాలం గుడ్డల వెనక డ్రైవర్లు చాలామంది గడ్డకట్టుకుపోయారట. ఈ చలికాలానికి చెక్క తలుపులు ఉండాలట. "నేను చెయ్యలేను బాబాయ్, చక్రాల దగ్గరికి మార్చెయ్" అన్నాను. సవేలిచ్ బాబాయికి అంతా తెలుసు. తల వంచుకుని, "తలుపు బిగించడం వచ్చినవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావమ్మా. కొత్త పిల్లలకి ఎవరు నేర్పుతారు?" అన్నాడు. యుద్ధకాలంలో పని కాదంటే జైలేనని అతను చెప్పలేదు, నేను అడగలేదు. నూషాకి నేను తప్ప ఎవరూ లేరు.

నువ్వు చెప్పినట్టు అంచులు బాగా చిత్రిక పట్టాను. వేలు దూరేంత సందు ఉంచాను. తనిఖీవాళ్ళు అన్నిటినీ వెనక్కి పంపారు. గాలి వస్తోందట. సందుల్లో సన్నటి చెక్కబద్దలు మేకులతో బిగించి మూయమన్నారు. మూశాను. ప్లైవుడ్ ఈసారి కూడా పచ్చిదే.

వచ్చే నెల మొదటి బండ్లు బయల్దేరతాయి. ఎటు వెళతాయో మాకు చెప్పరు. నీకు కొత్త లారీ ఇస్తే, ఎక్కే ముందే ఆ తలుపు ఊడదీసి పారెయ్. అది నేను బిగించిందే అయినా సరే.

నీ అక్క
గ్లఫీరా