పైపు మారాక కూడా తీయలేకపోయిన థాంక్స్

ప్రియమైన అక్కకి,

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కాకినాడలో నేను బాగానే ఉన్నాను. హాస్టల్ కూరలు కారమైనా తింటున్నాను. ఉక్కపోతకి నిద్రే సరిగా లేదు. ఫోన్‌లో చెబితే అమ్మ వింటుందని ఇదంతా రాస్తున్నాను.

మా రొయ్యల కంపెనీలో తోటివాళ్ళు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకోవడానికి వెబ్ యాప్ పెట్టమని మేనేజర్ గారు నాకు అప్పజెప్పారు. పెట్టాను. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ ఫోన్లలో వాడటం నేర్పాను. ఎవరేం రాసినా క్యాంటీన్ టీవీలో కనబడుతుంది. టీ తెచ్చిందనీ, బస్సులో సీటు ఉంచిందనీ రాసుకుని నవ్వుకునేవారు. నాకెంత సంతోషమో!

గురువారం వాళ్ళలో లక్ష్మిగారు ఇలా రాశారు. "మంగళవారం కూలింగ్ పైపులోంచి అమ్మోనియా గ్యాస్ లీకై నేను పడిపోతే భుజాన వేసుకుని బయటికి తెచ్చిన సత్తెమ్మక్కకి థాంక్స్." ఆవిడ నీరసంతో పడిపోయిందనే ఆఫీసులో మాకు చెప్పారు.

మేనేజర్ గారు పిలిచి, "అది వెంటనే తీసేయమ్మా. మన సరుకు కొనే బయ్యర్లు వచ్చి చూస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నారు.

సరేనండి అన్నాను. తీసే ముందు లక్ష్మిగారికి ఒక మాట చెబుదామని వెళ్ళాను.

"మీకు ఇబ్బందైతే తీసేయండమ్మా," అన్నారావిడ దగ్గుతూ. "ఆ పైపు మాత్రం ఇంకా అలాగే ఉందండి. ఇవాళ కూడా వాసనొస్తోంది."

అక్కా, అందరూ ఆ పైపు కిందే నిలబడి పనిచేస్తారు. తిరిగి మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళి, "పైపు మార్పించండి సార్, అప్పుడు తీసేస్తాను," అన్నాను.

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. గుర్తుందా?" అన్నారాయన.

ఈలోగా ఒక్కొక్కరే ఫోన్లలో రాయడం మొదలుపెట్టారు, అవన్నీ క్యాంటీన్ టీవీలో వరసగా కనబడ్డాయి. "ఆ రోజు నన్నూ చెయ్యి పట్టి బయటికి నడిపించావు సత్తెమ్మక్కా." "నన్నూ." "నన్నూ." మేనేజర్ గారు క్యాంటీన్‌కి వచ్చి అన్నీ చదివారు. సాయంత్రం రొయ్యలు ఒలిచే షెడ్డులో పని ఆపించారు. మెకానిక్కులు వచ్చి పైపు మార్చారు.

మారాక తీసేస్తానన్నాను కదా, చెయ్యి రాలేదు. సోమవారం తన కేబిన్‌కి రమ్మని మేనేజర్ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతున్నాను. నువ్వేం బెంగపెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చేయించు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. ఉద్యోగం పోతే నరసాపురం రైలెక్కి వచ్చేస్తాను. అమ్మ ముందు మాత్రం ఎందుకొచ్చావని అడగకు.

నీ చెల్లెలు,
జ్యోతి