ముందటి మనుషుల తిండి

ఇబ్రహీంపట్నం

హయత్‌నగర్ల పేలియో డైట్ గ్రూపు నడిపే మహేశ్వర్‌కు, నర్మద నాయినమ్మ చెప్పి రాయిస్తున్నది. నిన్ను సారు అననీకి నాకు నోరు రాదు.

మా నర్మదకు తొమ్మిదో ఏట నుంచి షుగరు. సూది ఏసుకుంటేనే బతుకుతదని డాక్టరు అప్పుడే చెప్పిండు. నీ గ్రూపుల చేరినంక నువ్వేమో దానికి, ముందటి మనుషులు గింజ ముట్టలేదు, మాంసం, గుడ్లు తింటే సూదితో పనే లేదన్నవట. ముందటి మనిషిని నేనున్న గదా, నన్నడిగినవా? జొన్నగటక తాగి నాట్లేసినం. మాంసం పండుగకే చూసినం. సరే, అన్నం తగ్గియ్యమను, కాదన. సూది ఆపమననీకి నువ్వెవ్వనివి?

మా ఇంట్ల ఫ్రిజ్ లేదు. మందు సీసాను ఇసుక కుండల పెట్టి రోజూ నేనే ఇసుక తడుపుత. నాకు అక్షరం రాదు గని, సీసాల మందు తగ్గుడు కనబడతది. మూడు దినాలు తగ్గలే. అడిగితే "కొత్త సీసా నాయినమ్మా, గందుకే నిండుగున్నది" అన్నది. నమ్మిన, అది నా తప్పు. నాలుగో నాడు కక్కుకొని, ఊపిరందక పడ్డది. పిల్ల దవాఖానల ఉంటే నువ్వు గ్రూపుల దాని ఫోటో పెట్టి "సూదిని గెలిచిన బిడ్డ" అని రాసుకున్నవ్. థూ.

ఆ ఫోటో తీసి, జరిగింది అదే జాగల రాయి. రాయకుంటే దవాఖాన కాయితాలు పట్టుకొని నీ మీటింగుకే వస్త. అందరి ముందట నర్మదతోనే చదివిపిస్త.

ఇది రాసేది కూడ నర్మదనే. "సారు మంచోడే, గింత ఘాటుగ వద్దు" అని రెండుసార్లు పెన్ను కింద పెట్టింది. మల్ల పట్టిచ్చిన. పొద్దుగాల సీసాల మందు తగ్గింది. చూసినంకనే ఏలిముద్ర ఏస్తున్న.