నా వంతు ఊ

నరీన్,
ఆదివారం

కుబాత్ అన్నయ్యకి,

దస్తూరీ చూసి చించెయ్యకు. నలభై ఆరేళ్లకి మళ్లీ కాలేజీలో చేరాను. ఇంట్లో కూర్చునే, ఆన్‌లైన్‌లో. పురాణగాథలు, కథ చెప్పడం నేర్పుతారు. నవ్వితే నవ్వుకో.

మొదటి క్లాసులోనే పరువు పోయింది. మాస్టారు కథ ఎత్తుకోగానే అలవాటుకొద్దీ "ఊ" అన్నాను. "ఎవరమ్మా అది? మైకు ఆపెయ్యండి" అన్నారు. ఇప్పుడేమో చిన్నప్పుడు విన్న కథ ఒకటి ఫోనులో రికార్డు చేసి పంపాలట. నానమ్మ తోడేలు కథ మొదలుపెట్టాను. ఊ కొట్టేవాళ్లు లేక నాలుగో మాటకే ఆగిపోతున్నాను.

వేసవి గుడారంలో మనిద్దరికీ ఒకటే గొర్రెతోలు. నేను నిద్రపోయానని తెలిస్తే నానమ్మ కథ ఆపేస్తుందని, నా వంతు ఊ కూడా గొంతు సన్నగా చేసి నువ్వే కొట్టేవాడివి. "ఒరేయ్, నీ చెల్లెలి గొంతుకి మీసాలొచ్చాయిరా" అనేది నానమ్మ. అని, కథ చెబుతూనే ఉండేది.

నానమ్మ గుర్రాన్ని నిన్ను అడక్కుండా అమ్మెయ్యడం నా తప్పే. ఈ మాట మూడేళ్ల కిందటే చెప్పాల్సింది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి కథ మొదలుపెడతాను. నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. ఊ కొట్టు, చాలు.

నీ చెల్లి