ఇమాంజామిన్ ముడి

తమ్ముడు దరియావలికి,

అల్లా నీ ముందు నడవాలి.

కొత్తగా బండి నేర్చి దానిమీదే మక్కాకు బయలుదేరుతుంటే, దారిలో కాపాడాలని నీ చేతికి ఇమాంజామిన్ కట్టబోయాను. "నాకేందక్కా, బండికి కట్టు, మోసేది అదేగా" అన్నావు. పచ్చగుడ్డలో రూపాయి ముడేసి హ్యాండిల్‌కు కట్టాను. చేరాకే విప్పి దానమియ్యమన్నాను.

లాహోర్‌లో ఫకీరు అడిగాడని విప్పి ఇచ్చేశానని రాశావు. ఆ తర్వాతే రెండుసార్లు పడ్డానని కూడా రాశావు. ప్రయాణం ముగిసినవాళ్లే ఆ ముడి విప్పుతారురా. ముందున్నది ఇరాన్, అక్కడ యుద్ధం.

ఇరాన్ సరిహద్దు దాటకముందే, ఈ ఉత్తరం నీకు క్వెట్టాలోనే అందాలని దువా చేస్తున్నాను. అక్కడ ఎవరైనా పెద్దామెతో మళ్ళీ కట్టించుకో. అందాకా బండి తీయకు.

నీ భార్య షకీలాకు నీ ఉత్తరం చదివి వినిపించాను, ఆ ముక్క తప్ప.

"ముడి అట్లనే ఉందంటనా వదినా?" అని అడిగింది.

ఉందన్నాను. ఆ మాట నిజం చెయ్యి నాయనా.

మీ పెద్దక్క,
నరసరావుపేట